సున్నా చూడటానికి వెళ్ళాం

మా బడి పిల్లలకు పదమూడో ఎక్కం తడబడవచ్చు గానీ 41.15, 45.72 అనే రెండు అంకెలు మాత్రం తడబడవు. శబరి ఒడ్డున గానీ గోదావరి ఒడ్డున గానీ ఉన్న ఏ ఊరి పిల్లనైనా అడగండి, తన ఇల్లు ఏ కాంటూరులో ఉందో చెబుతుంది. పోలవరం జలాశయం పూర్తిగా నిండితే నీళ్ళు 45.72 మీటర్ల దాకా నిలబడతాయి. మొదటి దశలో 41.15 దాకా. ఆ గీతకు కింద ఉన్న ఇల్లు లేవాలి, పైన ఉన్న ఇల్లు ఉండొచ్చు. ఒకే ఊళ్ళో అన్న ఇల్లు గీత కింద, తమ్ముడి ఇల్లు గీత పైన పడ్డవాళ్ళున్నారు. జాబితాలు, గ్రామసభలు, ప్యాకేజీ, కాలనీ. సాయంత్రం పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుంటే ఇవే మాటలు. పిల్లలు వాటి మధ్యే పెరుగుతున్నారు.

ఒక రోజు ఏడో తరగతిలో కొండలు, పీఠభూములు, మైదానాల ఎత్తుల గురించి చెబుతున్నాను. ఒక కోయ పిల్ల లేచి నిలబడింది.

"సార్, 41.15 అంటే ఎక్కడి నుంచి 41.15?"

"సముద్ర మట్టం నుంచి."

"అంటే సముద్రం దగ్గర సున్నా ఉంటదా?"

"ఉంటుంది."

"ఆ సున్నా మీరు చూసినారా సార్?"

సముద్రం చూశాను. విశాఖపట్నం వెళ్ళినప్పుడు అందరిలాగే ప్యాంటు మడిచి, పల్లీలు కొనుక్కుని, కెరటాల్లో నిలబడి వచ్చాను. కానీ ఆ పిల్ల అడిగింది సముద్రం గురించి కాదు. తన ఇల్లు ఉండాలా పోవాలా అని లెక్కగట్టే కొలబద్దకు అడుగు ఎక్కడ ఆనుతుందో చూపించమంది. అది పాఠ్యపుస్తకంలో లేదు.

మా మండలాలకూ సముద్రానికీ ఉన్న సంబంధం కూడా చిత్రమైనదే. 2014 దాకా మేం ఖమ్మం జిల్లా వాళ్ళం. ఆ జిల్లాకు సముద్రం లేదు. రాష్ట్రం విడిపోయినప్పుడు ప్రాజెక్టు ముంపు కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం లాంటి మండలాలను ఇటు కలిపారు. మేం తూర్పు గోదావరి జిల్లా వాళ్ళమయ్యాం. గుడిసె కదల్లేదు, చింతచెట్టు కదల్లేదు, మేం మాత్రం కోస్తా జిల్లా వాళ్ళమైపోయాం. 2022లో మళ్ళీ జిల్లా మారింది, మళ్ళీ సముద్రం పోయింది. గోడ మీద జిల్లా పటం మార్చినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు. నవ్వనిద్దాం అనుకుంటాను.

సున్నా చూడాలంటే ఒడ్డున నిలబడితే చాలదనిపించింది. ఏరు ఎక్కడ ఏరు కాకుండా పోతుందో, ఆ చోటు దాకా నీళ్ళ మీదే వెళ్ళాలి. అలా ఎంచుకున్నది కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉంటుంది. గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలో రెండువందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న మడ అడవి. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి నుంచి బోటులో కాలువ వెంట సముద్రం దాకా వెళ్ళవచ్చు.

డబ్బు సంగతి చెప్పుకోవలసినంత లేదు. టీచర్లం తలా కొంత వేసుకున్నాం, తల్లిదండ్రులు కొంత ఇచ్చారు, మిగిలింది ఒక పూర్వ విద్యార్థి ఇచ్చాడు. కష్టమైంది బోటు అనే మాట దగ్గర. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన సంగతి మా వైపు ఎవరూ మరచిపోలేదు. ఆ రోజు వరద గోదావరిలోకి నావలు వేసుకెళ్ళి చాలామందిని ఒడ్డుకు చేర్చింది దగ్గరి ఊరి ఆదివాసులే. పేపర్లలో ఆ సంగతి ఒక మూలకు వచ్చింది, మా ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక తల్లి బడికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఏరే అంతమందిని తీసుకుపోయింది. సముద్రం ఏరు కంటే పెద్దది గదా మాస్టారూ. దాని మీదకి పిల్లల్ని తోలకపోతివి" అంది. ఆమెకు మాటలతో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్క పిల్లనీ ఎక్కించనని, గాలి ఎక్కువగా ఉంటే కాలువలోనే తిప్పి తీసుకొస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె చదువుకోలేదు. కాగితం మడిచి రవికలో పెట్టుకుని, "సరే, తీసుకుపో" అంది.

ఇరవై రెండు మంది పిల్లలం, ముగ్గురు టీచర్లం జనవరిలో బయల్దేరాం. మారేడుమిల్లి ఘాట్‌లో సగం మంది వాంతులు. కొండ పిల్లలకు ఘాట్ పడదా అని డ్రైవరు ఎకసెక్కం ఆడాడు. కొండ ఎక్కడానికి మాకు కాళ్ళున్నాయి, ఆ మలుపులు బస్సువి.

కోరంగిలో ముందు బురద మీద వేసిన చెక్క వంతెన మీద నడవాలి. రెండు పక్కలా మడ చెట్లు. నేలలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేల కొద్దీ వేళ్ళు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు ఊపిరి కోసం వేళ్ళను పైకి పంపుతుంది. ఇది పాఠంలో ఉన్నదే. పాఠంలో లేనిది మా కొండరెడ్డి పిల్లవాడొకడు కనిపెట్టాడు. వంతెన మీదకు వంగిన తెల్లమడ ఆకు తుంచి నాకాడు. "సార్, ఉప్పు!" నిజమే, ఆ చెట్టు వేళ్ళతో తాగిన ఉప్పును ఆకుల మీదుగా బయటకు నెట్టేస్తుంది. అడవిలో కొత్త ఆకు కనిపిస్తే ముందు వాసన చూసి, తర్వాత నాలుక కొసకు తగిలించడం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ అక్కడే తిల్ల చెట్టు కూడా ఉంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అది బోటు నడిపే ఆయన చెప్పాకే తెలిసింది. "చెయ్యి ఎయ్యకండి బాబూ, అది మంచిది కాదు" అని అరిచాడు. మన అడవి చదువు మరో అడవిలో అంతా పనికిరాదు. అక్కడ ఉన్నవాణ్ణి అడగాలి.

ఆయన వయసు యాభై దాటి ఉంటుంది. ఆ చుట్టుపక్కల చేపలు పట్టే కుటుంబం. పిల్లలు మొదటి పావుగంటలోనే బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టారు.

బోటు ఎక్కేముందు మేం ఒక పని చేశాం. ఊరి నుంచి తెచ్చిన వెదురు కర్రకు సెంటీమీటర్లు గీసి, రేవు గుంజకు ఆనించి నీటి మట్టం రాసుకున్నాం. తిరిగొచ్చాక మళ్ళీ చూడాలని. బాబాయ్ ఆ కర్రను చూసి ఏమీ అనలేదు గానీ గుంజ మీద నాచు పట్టిన గీతను వేలితో చూపించి, "అమాస పోటు ఇక్కడికి వత్తదండి" అన్నాడు. ఆ గీత మా కర్ర చూపించిన దానికి చాలా పైన ఉంది.

ఇంజను మొదలయ్యాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. కాలువ మలుపులు తిరుగుతూ పోతుంది. కొంగలు, లకుముకి పిట్టలు, బురద మీద చిన్న ఎర్ర పీతలు, ముందు రెక్కలతో బురద మీద పాకే చేపలు. నీరుకుక్కలు, బావురు పిల్లులు ఇక్కడ ఉన్నాయని బోర్డు మీద చదివాం గానీ మాకు కనబడలేదు. ఇంతలో ఒక పిల్లవాడు నీళ్ళలో తేలుతున్న ఎండుటాకును చూసి అన్నాడు. "సార్, ఏరు వెనక్కి పోతోంది."

ఆకు నిజంగానే సముద్రం వైపు నుంచి ఊళ్ళ వైపు పోతోంది. మా బోటు దానికి ఎదురు వెళ్తోంది.

"పోటండి" అన్నాడు బాబాయ్. "పోటెక్కితే సముద్రం నీళ్ళు లోపలికి వచ్చేత్తాయి. మళ్ళీ పాటు తీసినప్పుడు ఎల్లిపోతాయి. రోజుకి రెండు సార్లు."

పోటు అన్న మాట వినగానే వెనక కూర్చున్న పిల్లలు గుసగుసలాడుకున్నారు. మొదట సున్నా గురించి అడిగిన ఆ పిల్లే అంది. "మా ఊళ్ళో కూడా ఉంది బాబాయ్. దాన్ని మేం ఎగపోటు అంటాం."

కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు శబరి నీళ్ళకు లోపలికి పోయే దారి ఉండదు. నిలబడతాయి, తర్వాత వెనక్కి నడుస్తాయి. శబరిలో సొంత వరద లేకపోయినా ఒడ్డు ఊళ్ళు మునుగుతాయి. అదే ఎగపోటు. ఆ పిల్ల చేతులతో చూపిస్తూ ఇదంతా చెప్పింది. తరగతిలో పది మాటలు వరసగా మాట్లాడని పిల్ల. బాబాయ్ ఇంజను వేగం తగ్గించి విన్నాడు.

"మాది పూటలో దిగిపోద్దమ్మా. మీది దిగదా?"

"దిగుద్ది. వారం పట్టొచ్చు, పది రోజులు పట్టొచ్చు. డ్యాం నిండితే మాత్రం దిగదంట."

ఆయన ఏమీ అనలేదు. బీడీ తీసి, పిల్లలున్నారని గుర్తొచ్చిందేమో, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అక్కడే సున్నా గురించిన మాట వచ్చింది. నీళ్ళు రోజుకు రెండు సార్లు ఎక్కి దిగుతుంటే, అమావాస్యకూ పౌర్ణమికీ ఇంకా పైకి వస్తుంటే, సున్నా ఏది? పోటు దగ్గరా, పాటు దగ్గరా? నాకు తెలిసింది చెప్పాను. ఏ ఒక్క రోజు నీళ్ళూ సున్నా కాదు. రేవుల్లో కొలబద్దలు పెట్టి ఏళ్ళ తరబడి పోటూ పాటూ కొలుస్తారు, వాటికి సగటు కడతారు. మన దేశంలో 1909లో తొమ్మిది రేవుల కొలతలు తీసుకుని ఆ సగటును స్థిరపరిచారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఆ సగటునే సముద్ర మట్టం అంటాం. దానికి సున్నా అని పేరు పెట్టి, అక్కడి నుంచి లోపలికి మెట్టు మెట్టుగా కొలుచుకుంటూ వచ్చి, మన కొండల మీద రాళ్ళు పాతారు.

"సగటు నీళ్ళు ఎక్కడా కనబడవు కదా సార్" అన్నాడొకడు.

"కనబడవు. లెక్కలో ఉంటాయి."

"మరి మా ఇంటికి వచ్చినవి లెక్కలో లేవు సార్. 41.15 బయట ఉంది మా ఇల్లు. 2022లో మునిగింది."

ఈ మాట దగ్గర టీచరు జాగ్రత్తగా ఉండాలి. లెక్క అంతా అబద్ధం అని చెప్పేసి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. కొలత అబద్ధం కాదు. ఏ కొలత దేనికో తెలియాలి. నిలిచిన నీటికి వాలు ఉండదు, పారే నీటికి వాలు ఉంటుంది. చెరువు నీళ్ళు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే మట్టంలో ఉంటాయి. వరదలో పారే నది అలా ఉండదు. డ్యాం దగ్గర ఒక మట్టం ఉంటే, ఎగువకు వెళ్ళే కొద్దీ అంతకంటే ఎత్తులో నీళ్ళుంటాయి. లేకపోతే కిందికి ఎలా పారతాయి? కాబట్టి డ్యాం దగ్గర 41.15 ఉందంటే కూనవరం దగ్గర కూడా అంతే ఉంటుందని కాదు. వరద పెద్దదైతే తేడా పెద్దది. ఇంకొకటి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిందని చెప్పుకుంటామే, ఆ అడుగులు సముద్రం నుంచి లెక్కించినవి కావు. భద్రాచలం స్కేలుకు వేరే సున్నా ఉంది. అక్కడ 43, 48, 53 అడుగుల దగ్గర ఇచ్చే మూడు ప్రమాద హెచ్చరికలు ఆ స్కేలు లెక్కలోవే. ఈ రెండు సున్నాలు కలిపేసి ఊళ్ళలో వాదించుకోవడం చాలాసార్లు విన్నాను. జాబితా పట్టుకుని వచ్చిన ఉద్యోగిని "ఈ ఎత్తు నిలవ నీటిదా, వరద నీటిదా?" అని అడగగలిగిన కుర్రవాడు ఊరికి ఒకడుంటే ఆ గ్రామసభ మరోలా ఉంటుంది. నేను ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఇదే.

కాలువ వెడల్పయింది. ఒక మలుపు తిరిగేసరికి రెండు పక్కలా చెట్లు అయిపోయాయి. ముందు నీళ్ళు, దూరంగా కాకినాడ రేవులో ఓడలు, ఇంకో పక్క సన్నటి గీతలా హోప్ ఐలాండ్. బోటు మొదటిసారి ఊగింది. ముందు అరుపులు, తర్వాత నవ్వులు, తర్వాత నిశ్శబ్దం. కోయలో నీళ్ళను ఏరు అనే అంటారు. ఒక పిల్లవాడు ఆ నీళ్ళను చూసి "ఏరు" అన్నాడు, అంతే. దానికి ముందూ వెనకా ఏ మాటా చేర్చలేదు. నీళ్ళ రంగు ఇక్కడ నీలం కాదు, మా గోదావరి రంగే, కొంచెం పల్చన.

ఆ రంగు వట్టిది కాదు. హోప్ ఐలాండ్ రాతి దీవి కాదు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను కెరటాలు తోసి తోసి కట్టిన కొమ్ము. సుమారు పదహారు కిలోమీటర్ల పొడవు. అది ఇంచుమించు రెండువందల ఏళ్ళలో పెరిగిందని చెబుతారు. కాకినాడ రేవుకు గోడలా అడ్డం నిలబడేది అదే. సముద్ర తాబేళ్ళు దాని మీదకి వచ్చి గుడ్లు పెడతాయి. దాని మీద చేపలు పట్టుకునే కుటుంబాలూ ఉన్నాయి. నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు నడిచే ఏరు దారిలో ఎన్నో నేలలు కోసుకొస్తుంది. ఇంద్రావతి బస్తరు మట్టి తెస్తుంది, శబరి మా కొండల మట్టి తెస్తుంది. పోడులో వాన పడ్డాక వాగు ఎర్రగా పోవడం పిల్లలు ప్రతి ఏడూ చూస్తారు. ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. ఇక్కడికి.

మా తాత వెదురు తెప్పలు కట్టి రాజమండ్రి దాకా వెళ్ళేవాడట. కొండరెడ్లు వ్యాపారుల కోసం అడవి నరికిన కూలి బతుకు గురించి హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త 1945లోనే పుస్తకం వేశాడు. తాత అప్పటివాడు. రాజమండ్రిలో తెప్ప అప్పగించి, ఉప్పూ బట్టా కొనుక్కుని ఒడ్డు వెంట నడిచి తిరిగి వచ్చేవాడు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి కిందికి ఏముందో చూడలేదు. ఉప్పు మాత్రం కిందినుంచి వస్తుందని తెలుసు.

బాబాయ్ బోటు నిలిపి హోప్ ఐలాండ్ వైపు చూపించాడు. "ఇదివరకు మట్టి బాగా వచ్చేదండి. ఇప్పుడు రాట్లేదు. సముద్రం కొరికేత్తంది. అటు ఉప్పాడలో అయితే ఇళ్ళే పోతన్నాయి." ఆయన చెప్పింది ఊరికే అన్న మాట కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీశారు. 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి మోసుకొచ్చే ఒండ్రు సగానికి పైగా తగ్గింది. ముఖ్య కారణం పైన కట్టిన ఆనకట్టలు. మట్టి జలాశయాల అడుగున కూర్చుంటుంది. కొత్త మట్టి పడకపోతే డెల్టా కుంగుతుంది, మడ అడవికి కాలు ఊనడానికి నేల ఉండదు.

1996 నవంబరు తుపాను గురించి కూడా ఆయనే చెప్పాడు. ఆ రాత్రి భైరవపాలెం వైపు ఎంతమంది పోయారో, తన చిన్నాన్న పడవ ఎక్కడ దొరికిందో. మడ అడవి ఉన్న చోట కెరటం కాలు విరిగిందని, లేని చోట ఊళ్ళోకి వచ్చిందని ఆయన లెక్క.

అంతా విన్నాక మావాళ్ళలో ఒకడు అడిగాడు. "అయితే మా ఊరు మునిగితే మీకు మట్టి రాదా బాబాయ్?"

"మీ ఊరు మునిగితే మాకేం వత్తదిరా" అన్నాడు ఆయన. కాసేపాగి, "నీళ్ళు వత్తాయంటారు. చూడాలి" అన్నాడు.

డెల్టా రైతుకు నీళ్ళు, నగరానికి నీళ్ళు, కరెంటు. ఇవన్నీ అవసరాలే. వాటిని కాదనే మనిషిని కాను. కానీ ఇటువంటి లెక్కలు వేసేటప్పుడు కొండ వాళ్ళనూ కోస్తా వాళ్ళనూ ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరికి పోతే ఒకరికి వచ్చేటట్టు. ఆ బోటులో కూర్చున్నవాళ్ళకు అది అంత సూటిగా కనబడలేదు. పైన నీళ్ళు నిలిచి ఇల్లు పోయేవాడు, కింద మట్టి రాక ఇల్లు పోయేవాడు పక్క పక్కనే కూర్చుని బిస్కెట్లు తిన్నారు.

గాలి పెరుగుతోందని బాబాయ్ బోటు తిప్పేశాడు. నేను కాగితం రాసిచ్చిన తల్లి కొడుకు అందరికంటే ముందు కూర్చుని "ఇంకొంచెం" అని గొడవ చేశాడు. రేవుకు వచ్చేసరికి మా వెదురు కర్ర మీద నీళ్ళు 31 సెంటీమీటర్లు పెరిగాయి. పిల్లలు అది రాసుకుని, పక్కన టైము వేశారు. బోటు ఆలస్యమై ఉంటే ఇంకెంత పెరిగేదో లెక్క కట్టమన్నాను. బస్సులో ఎవరూ కట్టలేదు, నిద్రపోయారు.

బడికి వచ్చాక నేల మీద సున్నంతో పెద్ద పటం వేశాం. ఎప్పుడూ త్ర్యంబకం నుంచి మొదలుపెట్టి కిందికి వేసేవాళ్ళం. ఈసారి పిల్లలు కోరంగి నుంచి మొదలుపెట్టి ఎదురు వచ్చారు. ధవళేశ్వరం, పోలవరం, పాపికొండలు, కూనవరం. ఒక్కో ఊరి పక్కన ఎత్తు రాయమన్నాను. తెలిసిన చోట రాశారు, తెలియని చోట ఖాళీ ఉంచారు. ఆ ఖాళీలు నింపడానికి ముగ్గురు పిల్లలు సచివాలయానికి వెళ్ళి తమ ఊరి ఎత్తు అడిగారు. ఒక ఊరిది ఇచ్చారు, రెండు ఊళ్ళవి మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళారు.

వెళ్ళాలనుకునే టీచర్లకు నాలుగు మాటలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్ళండి, తుపానులూ ఎండా రెండూ తప్పుతాయి. ముందు రోజే ఫోన్ చేసి పోటు వేళ కనుక్కోండి. పాటులో కాలువ లోతు ఉండదు, బోటు దూరం వెళ్ళదు. జాకెట్లు చిన్న పిల్లలకు సరిపోయేవి ఉన్నాయో లేవో అడగండి. ఉన్నవాటి పట్టీలు బిగించి చూడండి. గైడు మాటలు వినండి గానీ బోటు నడిపే మనిషిని మాట్లాడించండి, ఆయన పక్కన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి విన్న మాటలన్నీ రాయించండి. మా పిల్లల నోటుబుక్కులో ఒక వైపు వాళ్ళ మాట, రెండో వైపు మా మాట ఉన్నాయి. పోటు ఎదురుగా ఎగపోటు, మడ ఎదురుగా ఖాళీ, ఒండ్రు ఎదురుగా ఒండ్రు. పాటు ఎదురుగా ఏం రాయాలన్నది ఇంకా తేలలేదు. వరద తీయడం అని ఒకరు, అది వేరే అని ఇంకొకరు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాతల్ని అడిగి వస్తామన్నారు.